సిద్దిరాములు సారు అంతులేని పడుగు

సిరిసిల్ల పద్మశాలోల్ల ఇంట్ల పుట్టి, కరీంనగర్ కాలేజీల లెక్కలు చెప్పినోడు సిద్దిరాములు సారు. ఆయనకు ఏమున్నా లేకున్నా ధీమా మాత్రం దండిగుండె. పోలీసు యాక్షన్ అయినంక, ఉర్దూల నేర్చిన లెక్కలన్నీ తెలుగుల మళ్ల నేర్వమంటె పిల్లలంత ఏడ్సిండ్రు. అప్పటికి పన్నెండేండ్ల ఈయన "అంకెలకు ఏ బాసైతేంది సార్" అని పంతులుకే ధైర్యం చెప్పిండు!

పంతొమ్మిది వందల అరవై ఆరుల ఆయనకు ముప్ఫై ఏండ్లు. హైదరాబాదుల జనార్దన్‌రావు సారు కింద డాక్టరేటు చేస్తుండె. దసరా దాంకనే గడువు. అది దాటితె నాలుగేండ్ల కష్టం గంగల కలిసినట్టే.

పట్టుకున్న ప్రశ్న వినెటందుకు చిన్నది. ఎక్కడా తెగని గీత ఉంది, కాని నిండ మూలలే. దాన్ని వెంట్రుకవాసి దూరంల అంటిపెట్టుకొని పోయే నున్నటి గీత దొరుకుతదా? కాయితం మీద దొరుకుతది. ప్రతి చోట చుట్టుపక్కల విలువల సగటు తీస్తె మూలలు వాటంతటవే అరుగుతయి. కాని ఈయనకు కాయితం సరిపోలే. మగ్గం పడుగుల ఒక్కో పోగు బిగువు ఒక్కో అంకె, ఆ అంకెలన్నీ కలిస్తె ఒక్క చుక్క అనుకోండ్రి. పోగులు ఎన్నటికీ ఒడవని పడుగైతె? అంత అనంతమైన చోట గూడ నునుపు చేస్తనని కూసున్నడు. "ఏ చోటైనా సరే, అన్నిట్ల చేస్త!" అని కాలేజీల అందరికి చాటిండు గూడ.

శ్రావణంల జనార్దన్‌రావు సారు కాయితాలు ముంగటేసిండు.

"సిద్దిరాములూ, సగటు తీసినవు. దేని మీద తీసినవయ్యా? గీ అంతులేని చోట గోళం అసొంటి ఒక్క గుండుల, ఒకదానికొకటి తాకకుండ, ఒకే సైజు చిన్న గుండ్లు లెక్కలేనన్ని ఇముడుతయి. ఒక్కోదానికి ఇసుమంత కొలత ఇచ్చినా పెద్దదాని కొలతకు హద్దుండది. కొలతే లేకుంటె సగటేడిది?"

ఓరి దేవుడా, నాలుగేండ్ల పని నాలుగు మాటలల్ల కూలిపాయె! సిద్దిరాములు సారు మొగం మాడ్చుకొని సిరిసిల్ల బస్సెక్కిండు.

తెల్లారి వాళ్ల గల్లీల పడుగుకు గంజి పెడుతుండ్రు. వీధి పొడుగునా పడుగు సాపి, తలా ఇన్ని గజాలు పంచుకొని, కుంచెలతోని నునుపు చేస్తరు. ఒక మనిషి తక్కువైతె అవ్వ కనకవ్వ కొడుకు చేతికి కుంచె ఇచ్చింది. సారు తన హద్దు దాంక గట్టిగ రుద్ది, టక్కున ఆగిండు. అటు దిక్కు పక్క వంతు రుద్దుతున్న పోశవ్వ గూడ తన హద్దు కాన్నే ఆగింది. నడుమ గంజి గీత కట్టింది.

"ఓ సదువుకున్నోడా!" అని అవ్వ ఒర్రింది. "హద్దు కాడ ఆగుతరా ఎవరన్న? పోశవ్వ వంతులకు ఇంత పో. పోయినకొద్ది చెయ్యి తేలిక జెయ్యి. నువ్వు తగ్గినంత ఆమె పెంచుతది. ఇద్దరి బలం కలిస్తె ఒక్క చెయ్యంతనే ఉండాలె."

సారు కుంచె పట్టుకొని అట్లనే నిలవడ్డడు. సగటెందుకు? చోటునంతా చిన్న చిన్న వంతులు చేస్తె చాలు. ఒక్కో వంతుల ఒక్కటే విలువ. ఒకటి తేలికైనకొద్ది పక్కది బరువైతది, ఎక్కడ చూసినా కొన్ని చేతులే, అన్నీ కలిపితె ఒకటే. "అవ్వా, దొరికింది!" అని ఎగిరిండు. "ముందుగాల గంజి ఆరుతది, రుద్దు" అన్నదామె.

దసరాకు పదకొండు రోజులున్నయనంగ జనార్దన్‌రావు సారు కొత్త కాయితాలు పొద్దంత చదివిండు. తల ఊపిండు. ఆఖరుకు మొదటి కాయితం మీద సిద్ధాంతం పేరు కాడ వేలు పెట్టిండు. "'అన్ని చోట్ల' అని రాసినవు. చెయ్యి నున్నగ తేలిక చేసెటందుకు నువ్వు దూరం వర్గాన్ని వాడుకున్నవు. అన్ని చోట్ల అది నున్నగుంటదా?"

ఉండదు. ఆ దూరానికే మూలలు పడే చోట్లున్నయని సారుకు ఎరుకే. ఎరుకుండి రాసిండు, ఇడువ బుద్ధి గాక. వాదించొచ్చు. కాని కలం తీసి 'అన్ని చోట్ల' కొట్టేసి, 'ఈ ఒక్క చోట' అని రాసిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. జనార్దన్‌రావు సారు కింద సంతకం చేసిండు.

ఇంటికి పోతె అవ్వ మగ్గం మీద ఉంది. "గెలిసినవా బిడ్డా?"

"గెలిసిన అవ్వా. కాని చెప్పినంత కాదు."

"చెప్పినంత ఎవడు నేస్తడు రా" అని ఆమె నవ్వి, తిరిగి నేతల పడ్డది.