వదిన ఫోన్‌లో నూట నలభై పేజీలు

బోధన్‌లో ఒక శ్రీమంతానికి వెళ్తే, ముక్కూమొహం తెలియని ఒకావిడ నన్ను గట్టిగా వాటేసుకుంది. "మీ కథల బుక్కు సదివినక్కా! మా గ్రూపుల అందరం సదివినం," అంది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఎక్కడ కొన్నారని అడిగితే ఆవిడ నవ్వింది. "కొనుడెందుకక్కా, ఫోన్ల వచ్చింది," అంటూ అక్కడికక్కడే నా పుస్తకం నాకే పంపింది. పంపినందుకు నేను థాంక్స్ కూడా చెప్పాను. అలవాటు.

అంతకు వారం ముందే పబ్లిషర్ ఫోన్ చేశాడు. ఈబుక్ అమ్మకం ఆగిపోయిందట, అచ్చు కాపీలు గోడౌన్‌లో కట్టలు కట్టలుగా ఉన్నాయట. అవి కదిలితేనే రెండో పుస్తకం అన్నాడు. నిజామాబాద్‌లో ప్రైవేటు బడి ఉద్యోగం మానేసి, ఇక రాసుకునే బతుకుతానని ఇంట్లో గొప్పలు పోయినదాన్ని నేను. రెండో పుస్తకం రాకపోతే జూన్‌లో మళ్ళీ చాక్‌పీసు పట్టుకోవాల్సిందే. జనం చదవడం లేదని కుమిలిపోతున్నాను. చూస్తే బోధన్ అంతా చదివేసి కూర్చుంది!

ఇంటికొచ్చి ఆ పీడీఎఫ్ తెరిచాను. ఎవరో ఈబుక్ కొని, ఫోన్‌లో పేజీ పేజీకీ స్క్రీన్‌షాట్ తీసి ఒక ఫైలుగా చేశారు. ప్రతి పేజీ పైనా టైమూ, బ్యాటరీ ఉన్నాయి. మొదటి పేజీ దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నర, తొంభై ఒక్క శాతం. మూడో కథకు వచ్చేసరికి యాభై. ఆ దొంగ ఓపికకు నాకే ముచ్చటేసింది. ప్రూఫులు దిద్దినప్పుడు నేనే అంత శ్రద్ధ పెట్టలేదు. యాభై ఎనిమిదో పేజీలో, కథ మంచి పట్టులో ఉండగా, పై రెండు లైన్లను కప్పేస్తూ ఒక మెసేజ్ దిగి ఉంది: "రేపు మాక్లూర్ పెండ్లికి పోదాం. నా పచ్చ చీర తెచ్చుడు మర్వకు వదినా."

ఆ మెసేజ్ పంపింది నేనే.

వదిన అంటే మా అన్న భార్య. బోధన్ దగ్గర పల్లెలో చెరుకు సాగు చూసుకుంటుంది. మా వాళ్ళలో నా ఈబుక్కును డబ్బు పెట్టి కొన్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళందరూ "మాకొకటి ఇయ్యవా" బాపతు. అయినా ఒళ్ళు మండిపోయి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

చేలో కోత నడుస్తోంది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలతో వదిన మరాఠీలో గొంతు చించుకుంటోంది. నన్ను చూడగానే ఒక గడ విరిచి చేతిలో పెట్టింది. నేను నమలకుండా, ఫోన్ తీసి యాభై ఎనిమిదో పేజీ చూపించాను.

"అయ్యో, నీ మెసేజ్ పడ్డదా? గా పేజీ మల్ల తీద్దామనుకొని మర్సిన," అంది. సిగ్గు లేదు, పైగా పని సరిగా చేయలేదన్న బాధ!

"వదినా, గిది దొంగతనం."

"దొంగతనమేందే? నేను కొన్న బుక్కు నా ఫోన్ల అట్లనే ఉన్నది. నీది నీ దగ్గరున్నది. ఏం పోయింది? మా ఆడబిడ్డ రాసిందని నలుగురికి చెప్పుకున్న, అంతే."

"నా రెండో పుస్తకం పోయింది," అన్నాను. పబ్లిషర్ మాట, బడి మాట అన్నీ చెప్పాను. వదిన మొహం వాడిపోయింది. గట్టు మీద కూలబడింది. నాకు లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు.

కొంగుతో మొహం తుడుచుకుని తలెత్తింది. "అడగకుంట పంచుడు తప్పే," అంది. "మరి నువ్వు నన్ను అడిగినవా? అండ్ల కోతకొచ్చినామె కాన్పు కథ నేను చెప్పిందే. మా అవ్వ ఎడ్లబండి కథ నాదే. అన్ని నా నోట్లకెల్లి తీసుకపోయి అచ్చేసుకున్నవ్."

చేతిలో గడ చేతిలోనే ఉంది. ఇన్నేళ్ళుగా ఈ మనిషి మాటలు వింటూ, ఇంటికెళ్ళి రాసుకుంటూ, అవి నా సొత్తే అనుకుంటున్నాను. ఒక్కసారైనా అడగాలని తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో ఎందుకో నవ్వొచ్చింది. నన్ను చూసి వదినకూ వచ్చింది. ఇద్దరం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం. కూలీలు మాకేదో పట్టిందనుకుని ఉంటారు.

ఆ సాయంత్రమే వదిన గ్రూపులన్నిటికీ వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఉత్తగ సదివినోళ్లంత ఒక్కొక్క బుక్కు కొనుండ్రి. లేకుంటె నేనే ఇంటింటికొస్త." వదిన సంగతి తెలిసినవాళ్ళు వెంటనే కొనేశారు. తెలియనివాళ్ళకు తొందరగానే తెలిసొచ్చింది, ఎందుకంటే స్కూటీ మీద పుస్తకాల కట్ట పెట్టుకుని ఆమె నిజంగానే తిరిగింది. అన్నీ కదల్లేదు గానీ, పబ్లిషర్ మెత్తబడేటన్ని కదిలాయి. పీడీఎఫ్ మాత్రం ఇంకా ఎక్కడెక్కడో తిరుగుతూనే ఉంది. నాకే మరో ఇద్దరు పంపారు.

రెండో పుస్తకం ప్రెస్‌కు వెళ్ళేముందు, కాగితాలు పట్టుకుని వదిన దగ్గర కూర్చున్నాను. ఆమె దగ్గర విన్న కథలన్నీ చదివి వినిపించి, వేసుకోనా అని అడిగాను. "ఏస్కో, ఏస్కో" అంటూ పోయింది. ఒకదానికి మాత్రం కాగితం మీద చెయ్యి పెట్టి నన్ను ఆపింది. తర్వాత మెల్లగా, "గది వద్దు," అంది. "గది నీకొక్కదానికే చెప్పిన."

పుస్తకంలో అన్నిటికంటే మంచి కథ అదే. తీసేశాను. ప్రాణం ఉసూరుమంది. మొన్న ప్రూఫులు వచ్చాయి. విషయసూచికలో ఆ కథ ఉండాల్సిన చోట చూపు ఆగిపోతోంది. అదేమిటో మీకు చెప్పాలని నోరు దురదగా ఉంది, కానీ చెప్పను.