అవిశ వేళ్ళకు బుడిపెలు

ఈ రోజు కాకుమాను దగ్గర ఒక తమలపాకు తోటకు వెళ్ళాను. తీగ పాకడానికి అక్కడ అవిశ చెట్లు పెంచుతారు. రేపు బాపట్లలో నా బోటనీ క్లాసులో చూపించడానికి బుడిపెలున్న అవిశ వేరు ఒకటి కావాలి. తోట రైతు, డెబ్బై ఏళ్ళ పెద్దాయన, తానే గునపంతో ఒక మొక్కను పెకలించి ఇచ్చాడు. వేరు నున్నగా ఉంది.

“మా నాన్న రోజుల్లో వేళ్ళ నిండా బుడిపెలేనండి. ఏదో తెగులనుకుని యూరియా పెంచుకుంటూ వచ్చాను. ఇప్పుడు చూడండి మాస్టారూ, ఒక్కటీ లేదు,” అన్నాడు సంబరంగా.

చెప్పక తప్పలేదు. “అది తెగులు కాదు బాబాయ్. గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించేవి ఆ బుడిపెలే. నేలలో యూరియా ఎక్కువైతే చెట్టు వాటిని పెంచడం మానేస్తుంది.”

ఆయన వేరుకంటిన మట్టిని వేలితో తుడిచాడు. “ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటండి?” అన్నాడు.

నేను రోజూ కాలేజీకి వెళ్ళే బస్సు ఆ తోట పక్కనుంచే పోతుంది. పాతికేళ్ళుగా ఆ బుడిపెల బొమ్మ బోర్డు మీద గీస్తున్నాను గానీ, ఒక్కసారి కూడా అక్కడ దిగలేదు. ఇవాళ దిగింది కూడా నా క్లాసుకు వేరు కోసమే.

మీకూ ఇలా దిగని స్టాపు ఒకటి ఉందా?