తలకిందుల జెండా

కెనడాలో, బర్నబీ నుంచి విక్టోరియా వెళ్దామని ఒకరోజు ఫెర్రీ ఎక్కాను. ఎదురు సీట్లో డెబ్బై ఏళ్ల పెద్దావిడ కూర్చున్నారు. హవాయి నుంచి చుట్టాలను చూడటానికి వచ్చారట. ఆవిడ సంచి మీద హవాయి జెండా కుట్టి ఉంది, అదీ తలకిందులుగా. జెండా వందనం రోజున జెండా తిరగేసి కట్టాడని డ్రిల్లు మాస్టారు లీడర్ని గ్రౌండంతా పరిగెత్తించిన స్కూల్లో చదివినవాణ్ణి. ఊరుకోలేకపోయాను.

"మేడమ్, మీ జెండా తిరగబడింది," అన్నాను ఇంగ్లీషులో.

"తెలిసే కుట్టాను," అన్నారావిడ నవ్వుతూ. "ఓడ ఆపదలో ఉంటే జెండా ఇలా ఎగరేస్తారు. మాదొక రాజ్యం. కొందరు వ్యాపారులు అమెరికా సైనికుల అండ చూసుకుని మా రాణిని దించేశారు. తర్వాత ఆవిడ ప్యాలెస్‌లోనే ఆవిణ్ణి బంధించారు. మేమింకా ఆపదలోనే ఉన్నాం."

"మీవాళ్లంతా ఇదే మాట అంటారా?"

"ఎక్కడ! మా తమ్ముడు అమెరికా ఆర్మీలో చేశాడు. హవాయి అమెరికాలో ఒక రాష్ట్రమైపోయాక ఇంకా గొడవెందుకంటాడు. ఈ సంచి సర్దిపెట్టింది మాత్రం వాడే."

నూరేళ్లు దాటిన సంగతిని ఆవిడ నిన్నటిదానిలా చెప్పారు. గొంతులో ఏడుపు లేదు, కసి లేదు. ఓటమిని ఒప్పుకోకుండా కూడా మనిషి ఇంత నిమ్మళంగా ఉండొచ్చని అప్పుడే చూశాను.

దిగేటప్పుడు సాయం చేద్దామని, కంగారులో ఆవిడ సంచిని అడుగు పట్టుకుని ఎత్తాను. సంచి తలకిందులై, జెండా నిటారుగా నిలబడింది. ఆవిడ దానివైపు కాసేపు అలాగే చూశారు.

"ఇలా చూడాలనే ఉంది," అంటూ సంచి తీసుకుని, తనే మళ్లీ తిప్పి భుజాన వేసుకున్నారు.