ఖాళీ స్లాట్‌లో కుంకుమ

మా బావ గిద్దలూరులో ఫ్లెక్సీలు డిజైన్ చేసే దుకాణం నడిపేవాడు. పెళ్లిపత్రికలు, పుట్టినరోజు బ్యానర్లు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. ఉన్నది ఒకటే కంప్యూటరు, బాగా పాతది. పెద్ద ఫైలు తెరిస్తే చాలు, తెర మీద గుండ్రం తిరుగుతూ ఉండిపోయేది. బావ విసుక్కునేవాడు కాదు. లేచి చెప్పులేసుకుని టీకి పోయేవాడు. ఫ్లెక్సీ కోసం వచ్చినవాళ్లు కూడా ఆయన వెంటే పోయేవాళ్లు.

"ర్యామ్ పెంచు బావా, అది పెట్టే రెండో స్లాట్ ఖాళీగానే ఉంది గదా" అని పోయినప్పుడల్లా చెప్పేవాణ్ని.

"ఏం బామ్మర్దీ, ఈ వారం లైబ్రరీలో ఏ బీరువా మింగినావు?" అని నవ్వేవాడు. "అది పెంచితే నన్ను టీకి ఎవరు పంపిస్తారు?"

నాకు కోపం వచ్చేది కాదు. అర్ధవీడు పక్కన గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టి, పదో తరగతితో ఆపేసినవాణ్ని. నాకు తెలిసిందంతా మార్కాపురం లైబ్రరీ పెట్టిన భిక్షే. కంప్యూటర్ లోపలి భాగాల మీద అక్కడ ఒక తెలుగు పుస్తకం ఉంది. దాన్ని అట్ట ఊడిపోయేదాకా చదివింది నేనే. చదివింది ఎక్కడైనా పనికొస్తే ఆ రోజు నాకు పండగ.

ఆ పుస్తకం పనికొచ్చేనాటికి బావ లేడు.

దసరా అయిన కొన్ని వారాలకు ఆయనకు గుండెపోటు వచ్చింది. ఒంగోలు తీసుకుపోతుంటే పొదిలి దాటకముందే ప్రాణం పోయింది. ఊరందరికీ శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చేసినవాడికి మేము వేరే దుకాణంలో చేయించాల్సి వచ్చింది.

దినాలు అయ్యాక అక్క దుకాణం తెరిచింది. పత్రికల్లో అక్షరాలు కొట్టేది మొదట్నుంచీ ఆమే. డిజైను పని బావ పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. కానీ బావ కోసం ఆగినట్టు జనం ఆమె కోసం ఆగలేదు. ఒకరోజు మార్కాపురంలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"రెండు బేరాలు ఎదురు దుకాణానికి పోయినాయిరా. రేపు పొద్దునకి ఒక పెద్ద ఫ్లెక్సీ ఇయ్యాల. ఫైలు తెరుస్తుంటేనే మిషన్ బిగుసుకుపోతా ఉంది. ఇది గూడా పోతే ఇంక షట్టర్ దించుకోవడమే."

ఇల్లు గడవడానికి ఆమెకు ఆ దుకాణం తప్ప ఇంకో దారి లేదు. పాత ర్యామ్ మీద ఏం రాసి ఉందో ఫోటో తీసి పంపమన్నాను. దానికి జోడు కుదిరేదే, దానికన్నా పెద్దది కొత్తది కొని బస్సెక్కాను.

నేను పోయేసరికి ఫ్లెక్సీ అడిగిన పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తమ్ముడి పెద్దకర్మకు కావాలంట.

"మీ ఆయనైతే చిటికెలో ఇచ్చేటోడమ్మా" అన్నాడు.

ఆ చిటికెలో ఎన్ని టీలు ఉండేవో అక్కకూ నాకూ తెలుసు.

కరెంటు వైరు పీకి, పక్క రేకు విప్పాను. పుస్తకంలో చెప్పినట్టు ముందు ఇనుప పెట్టెను చేత్తో తాకాను. ఒంట్లో ఉన్న కరెంటు అట్ల పోతుంది.

"దండం పెడుతున్నావా?" అంది అక్క. బావ పోయాక ఆమె నోట ఎకసెక్కం వినడం అదే మొదలు.

లోపల దుమ్ము మందంగా పేరుకుని ఉంది. బ్రష్‌తో పైపైన దులిపి, కొత్త ర్యామ్‌ను ఖాళీ స్లాట్‌లో పెట్టి రెండు చివర్లా నొక్కాను. స్విచ్ వేశాను. తెర వెలగలేదు. లోపల్నుంచి కీ, కీ మని శబ్దం.

"ఏంది, ఏడుస్తా ఉంది?" అన్నాడు పెద్దాయన.

ఆపి, బయటికి తీశాను. ర్యామ్ బంగారు అంచుకు ఎర్రగా ఏదో అంటుకుంది. ఫోన్ లైటు వేసి చూస్తే స్లాట్ సందులో కుంకుమ. స్లాట్ గట్టు మీద దుమ్ము కింద పసుపు, దాని మీద వేలితో ఒత్తిన బొట్టు.

ఆయుధపూజకు బావ ప్రతి ఏడూ స్క్రూలు విప్పి లోపల కూడా బొట్లు పెట్టేవాడు. "పనిచేసేది లోపల గదా, బయట రేకుకు పెడితే ఏం లాభం" అనేవాడు. అక్క పక్కన పళ్లెం పట్టుకునేది.

"ఈసారి ఆ ఖాళీ దానిక్కూడా పెట్టినాడు" అంది అక్క మెల్లగా. "వచ్చే దసరాకి మీ తమ్ముడు చెప్పింది తెచ్చి ఇక్కడ పెడతాను, వానికి చెప్పొద్దు అన్నాడు."

బ్రష్ నా చేతిలోనే ఉంది.

"తుడిస్తే పనిచేస్తదా?"

"చేస్తది. పాతదీ కొత్తదీ రెండూ ఉంటే ఇంకా బాగా చేస్తది."

"తుడవకుండా?"

"పాతది తీసేసి దాని చోట కొత్తది పెట్టొచ్చు. అంత వేగం రాదు. ఇప్పటికన్నా నయమే."

"ఈ ఫ్లెక్సీ అయితదా?"

"అయితది."

"అట్లయితే దాన్ని ముట్టుకోవద్దు."

కొత్తదాని అంచును పెన్సిలు రబ్బరుతో రుద్దాను. రబ్బరు ఎర్రబడింది. పాతది తీసి, ఆ చోట దీన్ని పెట్టాను. తెర వెలిగింది. పెద్దాయన తమ్ముడి ఫైలు గుండ్రం తిరగకుండానే తెరుచుకుంది. అక్క అలవాటుగా గుమ్మం వైపు చూసింది. ఆ వేళకు లేచి చెప్పులేసుకునే మనిషి లేడు. కాసేపు మౌస్ మీద చెయ్యి అట్లాగే ఉంచి, తర్వాత పనిలో పడింది. సాయంత్రానికి ఫ్లెక్సీ అయిపోయింది.

మళ్లీ దసరా వచ్చేసరికి దుకాణం నిలబడే ఉంది. అక్క నన్ను పూజకు రమ్మంది. నేను స్క్రూలు విప్పాను. అక్క పళ్లెం తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది. మా ఇళ్లల్లో భర్త పోయిన ఆడమనిషి కుంకుమ ముట్టదు.

"దుకాణం నీది. నువ్వే పెట్టక్కా. ఇన్ని పుస్తకాలు చదివినాను, పెట్టకూడదని నాకెక్కడా కనపడలేదు."

"పుస్తకాల్లో ఉండదులేరా. నాకే చెయ్యి రావట్లేదు."

నేనే పెట్టాను. ఫ్యానుకు, హార్డ్‌డిస్కుకు, పోయిన ఏడు నేను తెచ్చిన ర్యామ్ కొసకు. ఖాళీ స్లాట్ దగ్గరికి వేలు పోయింది. అక్కడి కుంకుమ వెలిసి గోధుమరంగుకు తిరిగింది.

"దానికి వద్దు" అంది అక్క. "దానికి ఉంది గదా."

నేను రేకు మూసి స్క్రూలు బిగించాను.