తాడు కొస పట్టిన తోరికా

వునివేసి ఊరి ఆడవాళ్ల చట్టంలో సెక్షన్లు తక్కువ. ఉన్నవాటిలో మొదటిది ఇది: వేటకు దిగినప్పుడు చేప పడలేదంటే, దిగినవాళ్లలో ఎవరో కడుపు దాస్తున్నారు. గాలి మారిందనీ, ఆటుపోటు లెక్క తప్పిందనీ చెప్పే సాకులను ఈ చట్టం అంగీకరించదు. కడుపు రావడం తప్పు కాదు, దాచడం తప్పు. చెప్పుకున్న కడుపుకు చేప సంతోషిస్తుంది, దాచిన కడుపుకు అలుగుతుంది. ఫిజీ సముద్రంలో చేపలకు అంతటి అభిమానం.

ఆ ఏడు చేప వరసగా రెండుసార్లు అలిగింది. అడవి తీగలకు కొబ్బరాకులు చుట్టి పేనిన పొడుగాటి తాడు పట్టుకుని, ఊరి ఆడవాళ్లంతా పోటుమీద సముద్రాన్ని చుట్టుముట్టారు. పోటు తగ్గి నీరు తీస్తున్నకొద్దీ, ఆకులకు బెదిరిన చేప బయటికి పోకుండా వలయాన్ని బిగించుకుంటూ ఒడ్డుకు వచ్చారు. మొదటిసారి పిల్లి భోజనానికి సరిపడా చేప వచ్చింది. రెండోసారి ఒక పీత, ఒక రబ్బరు చెప్పు వచ్చాయి. ఆ చెప్పుకు కూడా జోడు లేదు.

వచ్చే వారం చుట్టుపక్కల చర్చిల పెద్దకూటమి. ఈసారి ఆతిథ్యం వునివేసిది. సముద్రం ఒడ్డున ఊరు పెట్టుకుని అతిథులకు టిన్ను చేప వడ్డిస్తే, మనవల కాలం దాకా ఆ మాట చెరగదు.

తోరికాకు మాత్రం అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటుంది. తాడు కొస పట్టుకుని ముందు నడిచే మనిషి ఎప్పుడు తిరగమంటే అప్పుడు తిరగాలి, ఎప్పుడు లాగమంటే అప్పుడు లాగాలి. ఒక తరంపాటు ఆ కొస ఉనైసి అవ్వ చేతిలో ఉంది. ఇప్పుడు అవ్వ మోకాళ్లు నీళ్లతో విభేదిస్తున్నాయి. కూటమి వేటకు కొస తోరికాకు ఇస్తానని అవ్వ నోటితో అనేసింది. పరాయి దీవి నుంచి వచ్చిన కోడలికి! పెళ్లయి వచ్చిన కొత్తలో పగడపు దిబ్బకీ దిబ్బకీ మధ్య నీళ్లు ఎటు పోతాయో ఒక్కతే నిలబడి చూసేది తోరికా. ఆమెకు నగానట్రా మీద మోజు లేదు, ఆ కొస మీదే ప్రాణం.

ఆ కొస తనకు వస్తుందని అప్పటికే ఊరంతా చెప్పుకున్న మనిషి తోరికా ఆడబిడ్డ మాకెరెతా. ఇద్దరు మనవలకు అమ్మమ్మ, చర్చి పాటల్లో మొదటి గొంతు, ఊరి విషయాల్లో ఆఖరి మాట.

విచారణ చర్చి హాలులో చాపల మీద, నిమ్మాకు టీ, నూనెలో వేయించిన పిండి బిళ్లల సమక్షంలో జరిగింది.

“నేనెవరి పేరూ చెప్పను,” అంది మాకెరెతా. “కానీ తోరికా ఒడ్డున కూర్చోగా ఈమధ్య ఎవరైనా చూశారా?”

ఇది చాలా పదునైన ప్రశ్న. నెలసరిలో ఉన్న ఆడది అక్కడ నీళ్లలోకి దిగదు. దిగితే సొరచేపకు కబురంపినట్టే. అందుకని ఎవరు ఎప్పుడు బుట్టలు పట్టుకుని ఒడ్డున కూర్చున్నారో అందరికీ తెలుసు. ఆ ఊళ్లో ఆడవాళ్ల క్యాలెండరు గోడకు వేలాడదు, ఒడ్డున కూర్చుంటుంది.

“ఈస్టరు నుంచీ చూడలేదు,” అని ఒప్పుకున్నారు ఆడవాళ్లు.

“నువ్వూ కూర్చోలేదుగా వదినా!” అంది తోరికా.

“నాది రిటైర్మెంటే పిచ్చిమొహమా! పెద్దదాన్నయ్యాను, దేవుడు సెలవిచ్చాడు. నీకేమొచ్చింది? నీ నడుము చూడు, రొట్టెపండు చెట్టు మానులా తయారైంది.”

“నీ వంట తిన్నాను కదా వదినా, అది నడుం దాటి కిందికి దిగదు.”

అందరూ నవ్వారు. ఉనైసి అవ్వ నవ్వలేదు. టీ కప్పు కింద పెట్టింది.

“తోరికా, కడుపుంటే చెప్పు. సంతోషిస్తాం. చెప్పకపోతే కొస నీకివ్వను. చేప ముందు నేను అబద్ధమాడలేను.”

తోరికా ఇంటికొచ్చేసరికి భర్త ఇలైతియా కర్రపెండలం ఉడకబెడుతున్నాడు. సంగతి విని, “ఉన్నదేదో చెప్పెయ్యరాదూ?” అన్నాడు.

“నీకేం, సులువుగా చెబుతావు. ఆ సూది సంగతి తెలిస్తే చర్చి పెద్దలు ఊరుకుంటారా? ఫలించి వృద్ధి పొందమని ప్రతి ఆదివారమూ వింటున్నాంగా.”

“ముగ్గురు పుట్టారు. మన వంతు వృద్ధి మనం చేశాం.”

మూడో కాన్పు తర్వాత తోరికాకు నెలసరి ఒక వరద. మంచి పోటు వచ్చినప్పుడల్లా తను ఒడ్డున, పొత్తికడుపు పట్టుకుని. ఊరి నర్సు అకనిసి ఇంజెక్షను మొదలుపెట్టాక అది క్రమంగా ఆగిపోయింది. ఆమె సముద్రం ఆమెకు తిరిగి దక్కింది. ఇప్పుడు ఆ దక్కడమే ఆమె మీద నేరారోపణ.

వేట రోజు పొద్దున ఆడవాళ్లంతా ఒడ్డుకు చేరారు. తాడు ఇసుక మీద చుట్టలు చుట్టుకుని ఉంది. అవ్వ కొసను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మాకెరెతా ఆ కొసకు చెయ్యి చాచినంత దూరంలో, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

తోరికా నేరుగా అవ్వ ముందుకొచ్చి నిలబడింది.

“అవ్వా, నేను దాచిన మాట నిజం. దాచింది కడుపు కాదు, సూది. పిల్లలు పుట్టకుండా, రక్తం వరదలు కట్టకుండా అకనిసి దగ్గర వేయించుకుంటున్నాను. మా ఆయనకు తెలుసు. ఇక మీకూ తెలుసు. చేపకూ వినబడే ఉంటుంది.”

అలలు కూడా మర్యాదగా గొంతు తగ్గించాయి. చర్చి పెద్ద భార్య మాత్రం ఉన్నట్టుండి కొబ్బరాకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆమెదీ అదే సూది అని ఊరికి తర్వాత తెలిసింది.

“సూదేస్తే నెలసరి ఎక్కడికి పోతుంది? తలకెక్కుతుందా?” అంది మాకెరెతా.

నర్సు అకనిసి తన బుట్ట సర్దుకుంటూ, “ఎక్కడికీ పోదు, అసలు తయారే కాదు,” అంది. “నెలనెలా అండం విడవమని మెదడు కబురు పంపుతుంది. సూదిలో ఉన్న హార్మోను ఆ కబురును ఆపేస్తుంది. అండం లేకపోతే బిడ్డా లేదు. గర్భసంచిలో పరుపు కూడా మందంగా పరుచుకోదు. పరవని పరుపును దులిపేదెవరు? కొందరికి అప్పుడో చుక్క ఇప్పుడో చుక్క కనబడుతుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది. మానేస్తే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.”

“మాటలు! రుజువేదీ?”

“కడుపు నిలిస్తే ఒంట్లో వేరే హార్మోను పుడుతుంది. ఒంటేలు చుక్క తగిలితే నా దగ్గరున్న పట్టీ దాన్ని పసిగడుతుంది. ఒక గీత వస్తే లేదు, రెండొస్తే ఉంది.”

“చేయించుకుంటాను,” అంది తోరికా. “కానీ చట్టం అందరికీ ఒకటే. ఒడ్డున కూర్చోనిది నేనొక్కదాన్నే కాదు, నువ్వూ చేయించుకోవాలి. ఏం వదినా?”

మాకెరెతా ఆ వయసుకు తగినంత గంభీరంగా నవ్వింది. “నాకు పరీక్షా! పద, మీ అందరి సరదా తీరుస్తాను.”

నర్సు ఇల్లు ఒడ్డు పక్కనే. ఇద్దరూ వెళ్లారు. కాసేపటికి అకనిసి రెండు పట్టీలూ పట్టుకుని గడపలోకి వచ్చింది. ఆమె ముఖం ప్రార్థన చేసేవాళ్ల ముఖంలా బిగుసుకుపోయి ఉంది.

“చెప్పమంటారా?”

“గట్టిగా చెప్పు!” అని లోపల్నుంచి మాకెరెతాయే అరిచింది.

“తోరికాది ఒక్క గీత.” అకనిసి ఊపిరి తీసుకుంది. “మాకెరెతాది రెండు.”

అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడింది. ముందు ఉనైసి అవ్వ భుజాలు కదిలాయి, పొట్ట కదిలింది, చివరికి ఒడ్డంతా నవ్వుతో ఊగిపోయింది. మాకెరెతా గుమ్మంలోకి వచ్చి పట్టీని ఎండకు పట్టుకుని చూసింది, తిరగేసి చూసింది.

“దేవుడు సెలవిచ్చాడన్నావు కదే!” అంది అవ్వ.

“నేనలాగే అనుకున్నాను,” అంది మాకెరెతా, పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి మెల్లగా.

“ఆ వయసులో నెలలు తప్పుతూ వస్తుంటాయి. వస్తున్నంతకాలం అండం ఎప్పుడైనా పడొచ్చు,” అంది నర్సు. “ఏడాదిపాటు రాకపోతేనే రిటైర్మెంటు.”

“నేను తెలిసి దాచలేదు. అది చెల్లుతుందా?”

“చేపకు ఆ తేడా తెలియదు,” అని అవ్వ తీర్పు చెప్పింది. “సముద్రం వైపు తిరిగి చెప్పు.”

మాకెరెతా సముద్రం వైపు తిరిగింది. పాటల గొంతు సవరించుకుంది. “నాకు కడుపు!” అని దిబ్బల దాకా వినిపించేలా ప్రకటించింది. ఆ క్షణం నుంచే ఆమెకు అది ఘనకార్యంగా తోచడం మొదలైంది. తల ఎత్తుకుని కొబ్బరి మొద్దు మీద కూర్చుంది.

అవ్వ లేచి, తాడు కొస తోరికా చేతికిచ్చింది. “నడు.”

తోరికా నడిచింది. మొలలోతు, గుండెలోతు. వెనక ఊరి ఆడవాళ్లంతా ఆకుల తాడు పట్టుకుని బారులు తీరారు. ఆమె దిబ్బ చివర ఆగి, నీళ్లు నోటితో చెప్పినట్టు విని, “తిప్పండి!” అంది. వలయం మూసుకుంది. నీరు తీసింది. లోపల మొదట ఒక మెరుపు, తర్వాత పది, తర్వాత లెక్కకు అందని వెండి. పార చేపలు ఆకుల మీదుగా గంతులేసి ఆడవాళ్ల గుండెలకు తగిలాయి. బుట్టలు నిండితే లుంగీలు పరిచారు. నీళ్లు వేడెక్కాయి కాబట్టి చేప ఒడ్డుకొచ్చిందని నర్సు అకనిసి ఏదో చెప్పబోయింది కానీ, ఆ రోజు సైన్సు వాటా అప్పటికే అయిపోయింది.

తోరికా తడిసిన కొస భుజాన వేసుకుని ఒడ్డెక్కింది. అవ్వకు తిరిగి ఇవ్వబోతే అవ్వ చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నీదే. ఇంటికి తీసుకుపో.”

కూటమి విందులో టిన్ను కనబడలేదు. అన్నిటికంటే పెద్ద పారను తోరికా తన చేత్తో మాకెరెతా ఆకులో పెట్టింది. “తిను వదినా, ఇద్దరికి తినాలి.”

“చింత చచ్చినా పులుపు చావలేదంటావు, అంతేగా?”

“నేనెక్కడన్నాను?”

“నీ మొహం అంటోంది.” మాకెరెతా ముల్లు తీసి పక్కన పెట్టి, చర్చి పెద్దలకు వినబడితే వినబడనీ అన్నట్టు మామూలు గొంతుతోనే అడిగింది: “ఇదయ్యాక ఆ సూది నాక్కూడా వేస్తుందటే అకనిసి?”

చర్చి పెద్ద భార్య ఆకులోంచి తలెత్తకుండానే జవాబిచ్చింది. “వేస్తుంది. పొద్దున్నే వెళ్లు. ఈమధ్య వరస పెద్దదిగా ఉంటోంది.”