చేతులున్న పుస్తకం

మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి చెప్పిన సలహా వింటే ముందు నాకు ఒళ్ళు మండింది. "కాగితాలు మడతపెట్టించండి. ఓరిగామి అంటారు. వేళ్ళకి చాలా మంచిదండి" అంది. ఆత్రేయపురానికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ పూతరేకులు చుట్టి ఇల్లు నడిపిన మనిషికి ఇప్పుడు కాగితం పడవలు నేర్పాలట!

కానీ నా కోపంతో ఏం పని? వేళ్ళు కొద్దికొద్దిగా కదులుతున్నా ఆవిడ ఆ చెయ్యి వాడడం మానేశారు. కొంగు కింద దాచుకుని కూర్చునేవారు. అడిగితే "అదింక నాది కాదే" అనేవారు. ఆ మాట వింటే నాకు భయం వేసేది. రేకు ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది ఆ చెయ్యే. ఆవిడే దాన్ని వదిలేసుకుంటే ఇంక ఎవరు తిరిగి తేగలరు?

అందుకని రాజమండ్రి వెళ్ళి ఆ కాగితం మడతల పుస్తకం ఒకటి కొన్నాను. నా తెలివి చూడండి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకని అట్టమీద రాసి ఉందిగదా అని, ఉన్నవాటిలో అన్నిటికంటే లావుపాటిది తెచ్చాను. లోపల ఏ పేజీ తీసినా బాణాలు, చుక్కల గీతలు, కింద ఇంగ్లీషు. అత్తగారు కాసేపు చూసి, "ఇదేంటే, కరెంటాఫీసు మ్యాపులా ఉంది" అని పక్కన పెట్టేశారు. పౌరుషం వచ్చి నేనే అందులోని కాగితం కొంగని మొదలుపెట్టాను. చివరికి తేలింది కొంగా కాదు, కోడీ కాదు. దాన్ని చూసి ఆవిడ పడీ పడీ నవ్వారు. జబ్బు చేశాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. ఆ సందు చూసుకుని, "అయితే మీరే షాపుకొచ్చి వేరేది ఎంచండి" అన్నాను.

బస్సు బ్యారేజీ దాటుతున్నంతసేపూ ఆవిడ కిటికీలోంచి గోదారిని చూస్తూ కూర్చున్నారు. చెయ్యి మాత్రం కొంగు కిందే ఉంది. షాపాయన మంచివాడు. పాత పుస్తకం వెనక్కి తీసుకుని, నాలుగైదు కొత్తవి తెచ్చి బల్లమీద పరిచాడు. "ఇది పిల్లలు బాగా అడుగుతారండి" అంటూ ఒకటి ముందుకి తోశాడు. అత్తగారికి ఇంగ్లీషు రాదు కాబట్టి, నేను రాత మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఒట్టి బొమ్మలతో పని జరుగుతుందా లేదా అని పరీక్ష చేస్తున్నాను. ఈసారైనా తెలివిగా ఎంచుతున్నానని లోపల కాస్త గర్వం కూడా.

ఆవిడ ఎడంచేత్తో ఒక్కో పుస్తకం తిరగేసి, పల్చటి దాని దగ్గర ఆగారు. "ఇది తీసుకో. ఇందులో చేతులున్నాయి."

చూస్తే నిజమే. గీసిన బొమ్మలు కావు, అన్నీ ఫొటోలు. ప్రతి మడతకీ ఎవరివో రెండు చేతులు. బొటనవేలు ఎక్కడ ఆనించాలో, ఏ మూల పట్టుకోవాలో తెలుస్తోంది.

"ఇందులో చేసేవి గట్టిగా పది రకాలు కూడా లేవండీ అత్తయ్యా" అన్నాను.

"మా అత్తగారు నాకు నోటితో ఏం చెప్పారే? ఆవిడ చేతులు చూసే నేర్చుకున్నా. నువ్వు మాత్రం? నా చేతులు చూసి కాదూ?"

ఆ పుస్తకమే తీసుకున్నాను.

ఇంటికొచ్చి వసారాలో చాప వేశాను. మొదటి పేజీలో ఉన్నది కాగితం గ్లాసు. ఎర్ర కాగితం ఆవిడ ముందు పెట్టాను. "ఆ తడిగుడ్డ ఇలా ఇవ్వు" అన్నారు. అడిగిందే తడవుగా ఇచ్చేశాను, మా ఇంట్లో ఏ మడతైనా దానితోనే మొదలవుతుంది మరి. రేకు పొడిగా ఉంటే ముట్టుకోగానే పెళపెళ విరుగుతుంది. తడిగుడ్డతో అద్దితేనే మడతకి లొంగుతుంది. ఆవిడ కాగితాన్నీ అలాగే అద్దేశారు.

"అయ్యో, రేకు కాదండీ, కాగితం! చిరిగిపోతుంది!" అని అరిచాను. అప్పటికే గుడ్డకి ఎర్రరంగు అంటుకుంది.

ఆవిడ నాలిక కరుచుకున్నారు. "అలవాటే" అని నవ్వి, ఆ తడి కాగితాన్నే ముందుకి లాక్కున్నారు. మెత్తబడింది కదా, ఎడంచేత్తో వంచితే చెప్పినట్టు వంగింది. ఫొటో వంక చూసి, బొటనవేలు మడతమీద ఆనించారు. అవతలి మూల పైకి లేచిపోతోంది. దాన్ని పట్టుకోవడానికి రెండో చెయ్యి కావాలి. మళ్ళీ వంచారు, మళ్ళీ లేచింది. ఓపికపట్టి చూస్తూ కూర్చోవడం నా వల్ల అయ్యే పనా? ఆ మూల పట్టుకోబోయాను.

"అబ్బ, నువ్వుండవే!" అని నా చెయ్యి తోసేశారు.

ఆ తోయడంలో పెద్ద బలమేం లేదు. కానీ తోసింది కుడిచేత్తో. ఆ సంగతి ఆవిడకి తెలిసినట్టే లేదు. అదే చెయ్యి మెల్లిగా వెళ్ళి ఆ మూలమీద వాలింది. ఎడమ బొటనవేలు గీత గీసినట్టు మడతని దిద్దుకుంటూ పోయింది. చూశారా అత్తయ్యా అని కేక పెట్టాలనిపించింది. పెట్టలేదు. పెడితే ఎక్కడ మళ్ళీ దాచేసుకుంటారోనని, నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను.