దొడ్డమ్మ వదిలేసిన పండు

మొన్న మా మనవడు కాశీ నుంచి రైల్లో వచ్చి, గుడ్డ పరిచిన బుట్ట ఒకటి నా ముందు పెట్టాడు. అందులో నేనెప్పుడూ చూడని పళ్ళున్నాయి. పచ్చదనం విడిచీ విడవని పసుపు రంగు, తొడిమ దగ్గర సన్నగా, కింద బొద్దుగా ఉన్నాయి. బేరిపళ్ళట. ఒకటి తీసి కొరికితే రసం చేతి మీదుగా మోచేతి దాకా కారింది. నాలుక మీద మాత్రం సన్నటి పలుకులు తగిలాయి, నూకలు కలిసిన పానకంలా. ఎలా ఉందని వాడు అడిగాడు. పలుకులున్నాయిరా అని మాత్రం అనగలిగాను, ఆ వెంటనే కళ్ళు నిండిపోయాయి. పండు బాగాలేదేమోనని వాడు కంగారుపడ్డాడు. ఆ పలుకుల సంగతి నాకు నలభై ఏళ్ళ కిందటే ఒకావిడ చెప్పిందని, చెప్పినదాంట్లో రవ్వంత కూడా అబద్ధం లేదని నాకిప్పుడే తెలిసిందని వాడికి ఏం చెప్పను? ఆవిడ వాడు పుట్టకముందే పోయింది. నా వల్ల తీరని కోరికతో పోయింది.

ఆవిడ పేరు మంగమ్మ. కొత్తపేటలో మా ఇంటి వెనక మామిడితోట వాళ్ళది. పిల్లల్లేరు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ దొడ్డమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నేను కాపురానికి వచ్చేనాటికి ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట కడుతున్నారు. మా లంకల్లో మగవాళ్ళు సగం మంది ఆ రాళ్ళ పనికి పోయేవారు. నేను తల్లి లేని పిల్లని. మా అత్తగారు చెడ్డావిడ కాదు, కానీ కోడలు కూడా తినాలన్న సంగతి ఆ రోజుల్లో ఎవరికీ గుర్తుండేది కాదు. అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలో మిగిలింది నాది. గోడవైపు తిరిగి, ఎవరైనా పిలుస్తారేమోనని గబగబా మింగేదాన్ని. ఆకలి వేయడమే ఏదో తప్పు చేసినట్టు ఉండేది నాకు.

ఒకరోజు దొడ్డమ్మ తోటలో రాలిన పండొకటి తీసుకుని గడ్డివాము చాటున నిలబడి తింటున్నాను. తలెత్తేసరికి ఆవిడ ఎదురుగా ఉంది. పండు చీర కొంగులో దాచుకున్నాను, రసమంతా కొంగుకి అంటింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ తిట్టలేదు. కొంగు విప్పించి, ఆ పండు చూసి, పక్కన పడేసింది.

"నిలబడి తింటే రుచేం తెలుస్తుందమ్మడూ. ఇలా వచ్చి కూర్చో. పండు తినేటప్పుడు ఎవరికీ భయపడకూడదు" అంది.

ఆ మధ్యాహ్నం నన్ను పళ్ళు మాగబెట్టే గదిలోకి తీసుకెళ్ళింది. చీకటి గది, నేలంతా వరిగడ్డి. గడ్డిలో చెయ్యి పెట్టించింది. లోపల వెచ్చగా ఉంది. ఏ కాయ ఎన్నాళ్ళకు పండుతుందో ఆవిడ చెయ్యి పెట్టి చెప్పేది. చెట్లన్నీ టెంక నుంచి మొలిచినవే, అందుకని ఏ చెట్టు రుచి దానిదే, ఏ చెట్టుకి ఆవిడ పెట్టిన పేరు దానిదే. జీలకర్ర చెట్టు పండు కోస్తే జీలకర్ర వాసన. పెరుగు చెట్టు పండు విడిగా తింటే చప్పన, పెరుగన్నంలో నంజుకుంటే అమృతం. దొంగ చెట్టు పండు పైకి పచ్చికాయలాగే ఉంటుంది, తొడిమ దగ్గర వేలితో నొక్కితేనే దొరుకుతుంది. రసాలను కోయకూడదు, నిదానంగా పిసికి, మొదటి చుక్కలు నేలకి వదిలి, అప్పుడు నోట పెట్టుకోవాలి. ఇవన్నీ నాకు తినిపించి నేర్పింది. మా అత్తగారు ఒప్పుకోరని భయపడ్డాను. దొడ్డమ్మ స్వయంగా వచ్చి, నడుం నొప్పిగా ఉంది, గడ్డి తిరగేయడానికి మీ కోడల్ని రోజూ కాసేపు పంపమని అడిగింది. అంత పెద్దావిడ అడిగాక కాదనడం ఎలా? ఆయ్, పంపుతానండి అన్నారు మా అత్తగారు. ఆ నడుం నొప్పి ఆవిడకి నాలుగు వేసవులు తగ్గలేదు.

ఐదో ఏడు దొడ్డమ్మ భర్త పోయాడు. ఆయన అస్థికలు మూటగట్టుకుని ఆవిడ కాశీకి బయలుదేరింది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని ఊరికే అనలేదు. అప్పుడు నడిచి వెళ్ళడమే, ఏడాది దాటినా కబురు తెలిసేది కాదు. వాడపల్లి రేవులో గోదావరి దాటే పడవ ఎక్కించి వచ్చి ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఆవిడతో వెళ్ళిన నలుగురిలో వీర్రాజు గారు ఒకరు. పడవలున్న మనిషి, మాటకారి, మాట మీద నిలబడే అలవాటు మాత్రం తక్కువ. నేను ఆయన్ని బాబాయిగారు అనేదాన్ని.

ఏడాదిన్నరకి ఇద్దరే తిరిగి వచ్చారు, దొడ్డమ్మా వీర్రాజు గారూను. ఆవిడ సగమైపోయింది. అయినా నన్ను కూర్చోబెట్టుకుని మొట్టమొదట చెప్పింది దేవుడి గురించి కాదు, బేరిపండు గురించి. అక్కడివాళ్ళు నాసపాతీ అంటారట. అందులో ఒక రకం గట్టిది, కొరికితే చప్పుడవుతుంది, పలుకులు తగులుతాయి. ఇంకొకటి తోలు గరుకుగా, మట్టిరంగులో ఉంటుంది, చూస్తే తినబుద్ధి కాదు, తింటే వదలబుద్ధి కాదు. మూడోది కొండల అవతలి నుంచి దూదిలో చుట్టి తెస్తారట, వెన్నలాగే ఉంటుంది. దాంతో చిక్కేమిటంటే పొద్దున కాయ, మధ్యాహ్నం పండు, సాయంత్రానికి కుళ్ళు. ఆ మధ్యాహ్నం కోసం అమ్మేవాడూ కొనేవాడూ కూడా కాచుకుని కూర్చుంటారని చెబుతూ ఆవిడ నవ్వింది. భర్త పోయాక నేను ఆవిడ నవ్వు చూడటం అదే మొదటిసారి.

కాశీ వెళ్ళినవాళ్ళు తమకు ఇష్టమైన కాయో పండో అక్కడ గంగ ఒడ్డున వదిలేసి రావాలి, ఇక జన్మలో ముట్టకూడదు. మా వైపు చాలామంది కాకరకాయ వదిలి వచ్చేవారు. వీర్రాజు గారు ఇంకా తెలివైనవారు. బేరిపండు వదిలేశారు. కోనసీమలో అది నా కంటపడేదెప్పుడు, నేను వ్రతం చెడగొట్టేదెప్పుడు అని రచ్చమీద చెప్పి అందరినీ నవ్వించారు. దొడ్డమ్మని కూడా అదే వదలమని అక్కడ చెప్పారట. ఆవిడ ఏం వదిలిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ మామిడి దిగిన రోజుల్లో తెలిసింది. మొదటి గడ్డి తిరగేసి, జీలకర్ర చెట్టు పండు కోసి, పళ్ళెం మొత్తం నా ముందుకు జరిపింది. ఆవిడ ముక్క తీసుకోలేదు.

 మామిడి ఎందుకు వదిలేరు దొడ్డమ్మా అని అడిగాను.

"ఆయన్ని గట్టెక్కించమని అడగటానికి వెళ్ళేను కదా. నాకు అక్కర్లేనిది ఇచ్చి అంత పెద్దది ఎలా అడగను?" అంది.

అప్పటి నుంచి తొమ్మిదేళ్ళు ఆవిడ మామిడి ముక్క నోట పెట్టలేదు. తోట అమ్ముకోలేదు, చెట్ల పని మానలేదు. గడ్డి తిరగేసేది, చేత్తో పట్టి చూసేది, వాసన చూసి నాకిచ్చేది. నేను తిని ఎలా ఉందో చెప్పాలి. బాగుందండి అంటే ఒప్పుకునేది కాదు. పులుపు ముందు తగిలిందా, తీపి ముందు తగిలిందా, పీచు పళ్ళ సందున చిక్కిందా, మింగాక గొంతులో ఏం మిగిలింది, ఇవన్నీ చెప్పాలి. చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేది. ఆ మాటలతోనే ఆవిడ తినేదని నాకు తెలుసు. తెలిసి, ఒక్కోసారి మామూలు పండుని కూడా పొగిడేదాన్ని. తాండ్రయితే తినొచ్చు, అది పండెలా అవుతుంది, వేరు కదా అని వీర్రాజు గారు ఓసారి వాదన పెట్టుకున్నారు. దొడ్డమ్మ ఆయనకే రెండు ముక్కలు తాండ్ర పెట్టి పంపేసింది.

నన్ను కూడా మాట దగ్గర వదిలేది కాదు. రేవులో పడవ నడిపే ఒకతని భార్య కడుపుతో ఉంటే రసాలు తెచ్చిపెడతానన్నాను. ఇంతలో మా ఇంటికి చుట్టాలు వచ్చి ఆ పళ్ళు అయిపోయాయి. రేపిస్తాలే అనుకున్నాను. దొడ్డమ్మకి తెలిసి, మండుటెండలో తన బుట్ట నా నెత్తిన పెట్టి రేవుకి నడిపించింది. అన్నమాట ఆకలి లాంటిదమ్మడూ, రేపు తీరుస్తానంటే ఊరుకోదు అంది. ఆ మాట నా మనసులో మేకులా దిగిపోయింది. అది దిగకుండా ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలియదు.

పదో వేసవిలో ఆవిడకి జ్వరం పట్టుకుంది. మూడు వారాలైనా వదల్లేదు. తోట కాపు మీద ఉంది, గదినిండా కాయలు మాగుతున్నాయి. ఆ వాసన ఆవిడ పడుకున్న సావిడిలోకి వచ్చేది. అప్పటికి నేను ఇద్దరు పిల్లల తల్లిని, మా అత్తగారు కూడా అడ్డుచెప్పడం మానేశారు. పగలంతా ఆవిడ మంచం దగ్గరే ఉండేదాన్ని. గంజి పోస్తే గుటక పడేది కాదు. వైద్యుడు వచ్చి నాడి చూసి, ఇక పథ్యం అక్కర్లేదు, ఏమడిగితే అది పెట్టండి అని చెప్పి వెళ్ళాడు. ఆ మాటకి అర్థమేమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే దొడ్డమ్మ కళ్ళు తెరిచి, జీలకర్ర చెట్టుది పండిందా అని అడిగింది. పండిందన్నాను. ఒక ముక్క పెట్టమంది. జ్వరంలో అంటోందనుకుని, తడిగుడ్డ నుదుటి మీద మార్చాను. మళ్ళీ అడిగింది. అప్పుడు మెల్లిగా గుర్తుచేశాను, మీరు కాశీలో వదిలేరు కదండీ అని.

"తెలుసమ్మడూ. వదిలేను. అయినా ఒక్క ముక్క పెట్టు."

నేను లేచి పెరట్లోకి వచ్చేశాను. వీర్రాజు గారు చూడ్డానికి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. సంగతి చెప్పాను. ఆయన ఎప్పటిలా నవ్వలేదు. పెట్టమ్మా, అడుగుతోంది కదా, ఏదైనా దోషముంటే నా నెత్తిన వేసుకుంటాను అన్నారు. ఆయన మాట నాకు కంపరమెత్తించింది. బేరిపండు వదిలి దేవుణ్ణే మోసం చేసిన మనిషి, ఈయనా నాకు ధర్మం చెప్పేది అనుకున్నాను. తొమ్మిదేళ్ళు నోరు కట్టుకున్న మనిషి పుణ్యం చివరి పూట నా చేతులమీదుగా మంటగలిసిపోతుందని భయపడ్డాను. భర్తని గట్టెక్కించడానికి ఇచ్చిన మాట. అది చెడితే ఆయన గతేమిటి? లోపలికి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని, మాట తప్పకూడదని మీరే కదా చెప్పేరు దొడ్డమ్మా అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"సరేలే. బాగా నేర్చుకున్నావు" అంది.

అందులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దెక్కేసరికి ప్రాణం పోయింది. ఇంట్లో పదిరోజుల దాకా పండ్ల వాసన పోలేదు. గడ్డి తిరగేసేవాళ్ళు లేక ఆ ఏటి కాయంతా కుళ్ళిపోయింది.

ఆ తర్వాత నన్ను మెచ్చుకోనివాళ్ళు లేరు. ఆవిడ వ్రతం కాపాడావన్నారు, కన్నకూతురైనా అంత గట్టిగా నిలబడేది కాదన్నారు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. పిల్లలు పెరిగి, మా అత్తగారు పోయి, నా ఒంట్లోనూ ఓపిక తగ్గాక ఆ మెప్పు నాకు చేదెక్కింది. ఆవిడ ఇచ్చిన మాట ఆవిడది. అది వదులుకోవాలో వద్దో ఆవిడకి తెలుసు. నేను కాపలా కాయవలసిన పని ఏముంది? నాకు భయం లేకుండా తినడం నేర్పిన మనిషి ఒక్క ముక్క అడిగితే, నేను ధర్మం చెప్పాను. దేవుడు ఆవిడ లెక్క ఎలా చూశాడో నాకు తెలియదు. నాది మాత్రం నాకు తెలుసు.

ఇప్పుడు మా వీధిలో ఎవరైనా మంచాన పడి ఆఖరి రోజులు వచ్చాయంటే నేను పిలవకుండానే వెళతాను. ఏం తినాలని ఉంది అని చెవి దగ్గర అడుగుతాను. ఉప్పు వద్దన్నవాళ్ళకి ఊరగాయ నాకించాను, ఏకాదశి నాడు అన్నం కలిపి పెట్టాను. కొందరు నన్ను చాటున తిట్టుకుంటారని తెలుసు. పోయిన వేసవిలో మా మూడో ఇంటి ముసలావిడ, ఎప్పుడో కాశీలో పనస వదిలి వచ్చినావిడ, పనసతొన కావాలంది. కూతురు బిక్కమొహం వేసుకుని నావైపు చూసింది. నేనే వెళ్ళి తెచ్చి, తొన చీల్చి, చిన్న ముక్క ఆవిడ నోట్లో పెట్టాను. ఆవిడ నమలలేక చప్పరించి, కళ్ళు మూసుకుని నవ్వింది. ఆ నవ్వు ఎవరిది కావలసిందో నాకు తెలుసు. ఆవిడ అడగకముందే రెండో ముక్క చీల్చాను.